మా ఊరి ఎయిర్‌పోర్టుకు విమానం రాకుండుగాక!

ప్రతి ఊరికీ ఒక విమానాశ్రయం ఉండాలండీ. అందులో విమానాలు మాత్రం దిగకూడదు!

ఇది పరిహాసమని మీరు అనుకుంటే నేనేం చెయ్యలేను. నేను గుడివాడలో పుట్టి, బందరులో డిగ్రీ చదివి, మొన్న వేసవిలో పెళ్లి చేసుకుని, దివిసీమలో కోడూరుకు ఇవతల తూర్పుదిబ్బ అనే ఊరికి కాపురానికి వచ్చినదాన్ని. మా ఊరికి బస్సు రాదు. బడికి ప్రహరీ లేదు. విమానాశ్రయం మాత్రం ఉంది! విమానం అనే ఒక్క వస్తువును పక్కన పెడితే విమానాశ్రయం ఎంత ముచ్చటైన చోటో నాకు తెలిసినంతగా పైలట్లకు కూడా తెలియదు.

విమానాలు దిగే ఎయిర్‌పోర్టుల్లో ఏముంటుంది చెప్పండి? తోపులాట. బెల్టు విప్పు, బూట్లు విప్పు, నీళ్ల సీసా పారెయ్! ఇంట్లో అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడిని ఒక యూనిఫాం ఆయన బాంబులా పైకెత్తి చూడటం! కాఫీ ధర విని గుండె పట్టుకోవడం! ఇంతా చేసి చివరికి ఏం జరుగుతుంది? ఆ ఊరు వదిలి వెళ్లిపోవాల్సి వస్తుంది!

మా దగ్గర ఆ బాధలేవీ లేవు. వచ్చినవాళ్లెవరూ ఎక్కడికీ వెళ్లిపోరు. కూర్చుంటారు, చల్లబడతారు, సాయంత్రానికి ఇంటికొస్తారు. ప్రయాణికుడి క్షేమానికి ఇంతకంటే గ్యారంటీ ఏ దేశపు విమానయానం ఇవ్వగలదు?

ముందు చరిత్ర చెప్పాలి.

మా విమానాశ్రయానికి మూడుసార్లు శంకుస్థాపన జరిగింది. ఒకే బిడ్డకు మూడు బారసాలలు చేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందా? మొదటిసారి జరిగినప్పుడు మా ఆయన ధనుంజయ్ బడిపిల్లాడు. ఎండలో కాగితపు జెండాలిచ్చి నిలబెట్టి, తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ పంచారట. విమానయానం వల్ల మా ఇంటికి దక్కిన మొదటి లాభం అదే. రెండోసారి ఎందుకంటే, మొదటి రాయి మీద ఉన్న పేర్లవాళ్లు ఓడిపోయారు. మూడోసారి ఎందుకంటే, ఆ ఓడిపోయినవాళ్లు మళ్లీ గెలిచారు. గెలిచి తమ పాత రాయి కోసం వెతికించారు. అది అప్పటికే మా పక్కింటి ఆనందమ్మగారి దొడ్లో బట్టలుతికే బండగా స్థిరపడిపోయింది. పేర్లున్న వైపు కిందికి తిప్పి వేశారట. మర్యాద తెలిసిన మనిషి!

ఇంత దివిసీమలో మా దిబ్బ మీదే ఎందుకు కట్టారని మీకు అనుమానం రావచ్చు. అది ఎత్తైన నేలండీ. మా పెద్దవాళ్లు చెప్పేది వింటే, ఉప్పెన నాడు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నది ఆ దిబ్బ మీదేనట. వానాకాలమంతా పశువులు అక్కడే. కోతలయ్యాక ఊరందరి కళ్లాలూ అక్కడే. నూర్చేదీ అక్కడే, తూర్పారబట్టేదీ అక్కడే, ఆరబోసేదీ అక్కడే.

నీళ్లు నిలవని చోటు విమానానికి కావాలి. నీళ్లు నిలవని చోటు వడ్లకూ కావాలి. విమానం గెలిచింది.

గెలవాల్సిందే కదండీ! వడ్లకు ఇంగ్లీషు రాదు.

దిబ్బతోపాటు మా మావయ్యగారు పిచ్చేశ్వరరావు గారి మెరక పొలం రెండెకరాలు కూడా రన్‌వే కిందకు పోయింది. పల్లపు పొలం మూడెకరాలు మాత్రం మిగిల్చారు. అది ఎందుకు మిగిల్చారంటే, చినుకు పడితే చాలు, అందులో పడవ దిగుతుంది గానీ విమానం దిగదు.

ఇక సౌకర్యాలు! అసలు నేను రాయడం మొదలుపెట్టిందే వీటి కోసం.

ఒకటి, ఏసీ హాలు. వేసవిలో కరెంటు పోతే ఊళ్లో ఆడవాళ్లందరం పిల్లల్నీ, చిక్కుడుకాయల్నీ తీసుకుని డిపార్చర్ హాలుకు వెళ్తాం. స్టీలు కుర్చీల్లో కూర్చుని ఈనెలు తీస్తాం. మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు దానంతట అది తెరుచుకునేసరికి నాకు పట్టలేనంత సంతోషం వేసి, బయటికెళ్లి మళ్లీ లోపలికొచ్చాను. గేటు దగ్గర సెక్యూరిటీ పున్నారావుగారు ఉంటారు. చాలా నియమంగా అడుగుతారు.

"టికెట్ ఉందా అమ్మాయ్?"

"లేదండీ."

"సరేలే, విమానమూ లేదుగా. చెప్పులు పక్కన పెట్టి రా, ఇప్పుడే తుడిచారు."

ఇంత న్యాయమైన సెక్యూరిటీ మీకు ఢిల్లీలో దొరుకుతుందా?

బాత్రూముల సంగతి చెబితే దిష్టి తగులుతుందేమో! అక్కడి కుళాయి కింద చెయ్యి పెడితే నీళ్లొస్తాయి, తీస్తే ఆగిపోతాయి. మా వీధి కుళాయి దీనికి సరిగ్గా తలకిందులు. మనం బిందె పెడితే ఆగిపోతుంది, ఇంటికి పోతే వస్తుంది. మా అత్తయ్యగారు నాగరత్నం గారు ఆ ఎయిర్‌పోర్టు కుళాయిని మొదట నమ్మలేదు. ఎవరో గోడ వెనక కూర్చుని తిప్పుతున్నారని అనుకుని, "చాలు బాబూ, చాలు" అని గోడతో చెప్పి వచ్చారు.

సామాన్లు తూచే మిషను మీద మా ఊళ్లో పుట్టిన ప్రతి పసిబిడ్డా తూగింది. ట్రాలీల మీద గడ్డిమోపులు వస్తాయి. పెడన నుంచి కలంకారీ అద్దకం వాళ్లు వ్యానులో వచ్చి, అద్దిన బట్టలు రన్‌వే చివర బారుగా పరుచుకుంటారు. అప్పుడు చూడాలి! ఆకాశం నుంచి ఎవరైనా దిగితే పువ్వుల మీద నుంచే దిగాలి. ఎవరూ దిగరనుకోండి, అది వేరే సంగతి.

నేను స్కూటీ నేర్చుకుంది కూడా రన్‌వే మీదే. ఎదురు బండి లేదు, గేదె లేదు, గుంట లేదు! ధనుంజయ్ వెనక కూర్చుని "టేకాఫ్! టేకాఫ్!" అని అరుస్తుంటే నేను వేగం పెంచేదాన్ని. ఆంధ్రదేశంలో గుంటలు లేని రోడ్డు మీద బండి నేర్చుకున్న కొద్దిమంది అదృష్టవంతుల్లో నేనొకదాన్ని.

మా హనీమూన్ కూడా అక్కడే జరిగింది. నవ్వకండి! పెళ్లిచూపుల్లో మా ఆయన నన్ను గోవా తీసుకెళ్తానన్నారు. అదీ మా ఊరి విమానంలోనే అని పంతం పట్టారు. విమానం వచ్చేదాకా హనీమూన్ వాయిదా వేస్తే మాకు షష్టిపూర్తి అయిపోతుందేమోనని భయపడి, బందరు లడ్డూ పొట్లం ఒకటి పట్టుకుని రెండో నంబరు గేటు ముందు కూర్చున్నాం. అద్దంలోంచి రన్‌వే, దాని అవతల పొలాలు, ఆ అవతల సముద్రం మీద నుంచి లేస్తున్న మబ్బులు. ఎదురుగా బోర్డు మీద "శుభ ప్రయాణం" అని ఎర్రక్షరాలు పరుగెత్తుతూనే ఉన్నాయి. గోవాలో ఇంతకంటే ఏముంటుంది?

మా ఆయన ఉద్యోగం గురించి చెప్పలేదు కదూ? ఆయన ఎయిర్‌పోర్టులోనే పని చేస్తారు. సంబంధం వచ్చినప్పుడు "అబ్బాయి ఎయిర్‌పోర్టులో" అనగానే గుడివాడలో మా వాళ్లందరూ పైలటే అనుకున్నారు. తీరా చూస్తే రన్‌వే మీద వాలే పక్షుల్ని తోలే ఉద్యోగం. పసుపుపచ్చ కోటు వేసుకుని, ఈల ఊదుతూ, టపాసుల తుపాకీ పేలుస్తూ కొంగల్నీ గోరింకల్నీ తరమాలి. విమానానికి పక్షి తగిలితే ప్రమాదం కదా!

"పిట్టలు తోలడానికి డిగ్రీ ఎందుకే?" అని మా పిన్ని కూతురు వెక్కిరించింది. దానికి తెలియదు. మా ఆయన డ్యూటీలో చేరినప్పటి నుంచి ఇప్పటివరకూ ఒక్క విమానానికీ ఒక్క పిట్ట కూడా తగల్లేదు. అలాంటి రికార్డు ఎవరికుంది?

పైగా ఆయన శ్రమ వృథా కావడం లేదు. ఎందుకంటే కోతల కాలంలో రన్‌వే మీద ఊరి వడ్లు ఆరబోస్తారు. ఒకప్పుడు మంచె ఎక్కి, వడిసెల తిప్పి పిట్టల్ని తోలుకునేవాళ్లం. ఇప్పుడు ఆ పని జీతమిచ్చి చేయిస్తున్నారు! మా కళ్లం తీసుకున్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తీసుకుని, తారు వేసి, గీతలు గీసి, లైట్లు పెట్టి, కాపలా మనిషితో సహా తిరిగిచ్చారు.

విమానాశ్రయం మేనేజరు మధుసూదనరావు గారు మొదట్లో అభ్యంతరం చెప్పారు. తర్వాత ఆయనకూ పొద్దు గడవాలిగా! రన్‌వే మధ్యలో ఉన్న తెల్లగీత చూపించి తీర్పు చెప్పారు. "గీతకు ఇటుపక్క మీరు. అటుపక్క భారత విమానయానం." ఆ రోజు నుంచి ఆయనకు మా ఇంటి నుంచి చింతచిగురు పప్పు వెళ్తోంది.

ఇలా సుఖంగా ఉన్నాం. అంతలో తుపాను వచ్చింది.

మా దివిసీమకు తుపాను కొత్తేమీ కాదు. ప్రతిసారీ దానికి ఏదో ముద్దుపేరు పెడతారు. పంట సరిగ్గా కోతకొచ్చాకే వస్తుంది, ముహూర్తం తప్పదు. ఈసారిదీ అంతే. మావయ్యగారి మూడెకరాలూ నీళ్లలో పడుకున్నాయి. కోత మిషనతను బండి దిగబడుతుందని రానన్నాడు. మావయ్యగారు, అత్తయ్యగారు, కూలీలు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేత్తో కోశారు. అప్పటికే కంకుల్లోనే మొలకలు వచ్చేశాయి. పచ్చగా, సన్నగా, ముద్దుగా ఉన్నాయి. చూసి నేను "అయ్యో, ఎంత బాగున్నాయో!" అన్నాను. అత్తయ్యగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ వడ్లు అమ్ముడైతేనే మా ఇంటికి ఏడాది గడుస్తుందని అప్పటికి నాకు తెలియదు.

పంట నష్టం రాసుకోవడానికి ఒక సారు వచ్చారు. కారులో వచ్చారు. రోడ్డు మీదే ఆపారు. మా చేను రోడ్డుకు మూడోది, మధ్యలో బురద. అప్పటికింకా సగం కొయ్యలేదు. అద్దం దించకుండానే చూశారు. మావయ్యగారు అద్దం మీద వేలితో తట్టారు.

"కంకి నిలబడే ఉందిగా పెద్దాయనా?" అన్నారట సారు, అద్దం బెత్తెడు దించి.

"నిలబళ్లేదయ్యా, నీళ్ల మీద తేలతంది. దిగి చూడండి."

"ఇక్కణ్నుంచి కనపడతానే ఉంది. పచ్చగా బ్రహ్మాండంగా ఉంది."

"ఆ పచ్చ మొలకలయ్యా!"

అద్దం పైకి వెళ్లిపోయింది. మా చేనుకు నష్టం లేదని తేలింది.

మంచిదే కదా! నష్టం లేకపోతే ధాన్యం అమ్ముకోవచ్చు. మావయ్యగారు కొత్త హుషారుతో సంచిలో నాలుగు గుప్పెళ్లు పోసుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్లారు. అక్కడి సారు గింజలు చేతిలో కూడా పోసుకోలేదు. సంచి మూతి దగ్గర ముక్కు పెట్టి వెంటనే తీసేశారు.

"రంగు మారింది. మొలకొచ్చింది. పాడైపోయిన ధాన్యం కొనకూడదు, రూలు."

"పాడవలేదని ఎదురాఫీసు సారు తేల్చారయ్యా."

"అయితే ఆయన్నే కొనుక్కోమను."

ఆ రెండు ఆఫీసులూ ఒకే రోడ్డులో ఎదురెదురుగా ఉన్నాయి. ఈ గుమ్మంలో మా వడ్లు బంగారం. ఆ గుమ్మంలో కుళ్లు. రోడ్డు దాటేసరికి పాడైపోతున్నాయంటే ఆ రోడ్డులోనే ఏదో ఉందండీ!

మావయ్యగారు ఎవరినీ తిట్టలేదు. ట్రాక్టరు మాట్లాడి వడ్లన్నీ రన్‌వే మీదకు తోలించారు. నాలుగెండలు తగిలితే వాసన పోతుందని, వాసన పోతే కొంటారని ఆయన ఆశ. పొద్దున్నే బరకాలు తీసి పల్చగా పరిచేవారు. గంటకోసారి పాదాలు ఈడుస్తూ నడిచేవారు, గింజ తిరగబడేలా. ఆ నడకకు వడ్లలో పొడుగ్గా చాళ్లు పడేవి. అన్నం తిన్నాక ఆయన కాస్త నడుం వాలిస్తే నేను కూడా నడిచేదాన్ని, పట్టీలు ఘల్లుమంటుంటే. కాళ్ల కింద వడ్లు గరగరలాడుతుంటే ఎంత బాగుంటుందో తెలుసా! ధనుంజయ్ దూరం నుంచి గోరింకల మీద టపాసు పేల్చి నాకు చెయ్యి ఊపేవాడు. పంట పోయిన ఇంట్లో కొత్త కోడలు ఇంత సంతోషంగా ఉండొచ్చా అని నాకే సిగ్గేసేది.

ఒకరోజు పొద్దున్నే ధనుంజయ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నాన్నా, వడ్లు ఎత్తెయ్యాలి. విమానం వస్తంది!"

మావయ్యగారు పాదాలు ఈడ్చడం ఆపలేదు. "ఎన్నోసారి రా ఇది?"

"ఈసారి నిజమే. ట్రయల్ ల్యాండింగ్ అంట. ఇందాకే ఫోనొచ్చింది. మధుసూదనరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు."

దాంతో అందరం నమ్మేశాం. మధుసూదనరావు గారు మూడో శంకుస్థాపనకు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకోలేదు.

అప్పుడు ఆనందమ్మగారు అందుకున్నారు. ఆవిడ పొలమూ మా పొలంలాగే మునిగింది. "విమానమా! తుపానెళ్లాక విమానం ఇంకెందుకొచ్చుద్దయ్యా? మన నష్టం చూడ్డానికే! పెద్దోళ్లు పైనుంచి చూడ్డానికొత్తన్నారు!"

"కాదు పిన్నీ, ఇది ప్యాసింజర్ విమానం..."

"నువ్వు పిట్టలు తోలుకోరా అబ్బాయ్. నీకేం తెల్సు? ఉప్పెన కాణ్నుంచి చూత్తన్నా. మన మీద తక్కువెత్తులో ఏదెగిరినా మన నష్టం చూడ్డానికే ఎగిరింది."

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. కానీ మా ఊరి అనుభవం చూడండి. ఆకాశంలోంచి మమ్మల్ని ఎక్కించుకోవడానికి ఎవరైనా వచ్చారా? చూసిపోవడానికి వచ్చినవాళ్లే అందరూ. ఆనందమ్మగారి మాటకు ఊరంతా తల ఊపింది. పావుగంటలో ఊరు ఊరంతా రన్‌వే మీద ఉంది! ఎత్తెయ్యాల్సిన వడ్లను ఎత్తకపోగా, పైనుంచి బాగా కనపడాలని తెల్లగీత దాటించి మరీ పరిచారు. భారత విమానయానం వైపు ఒక్క జానెడు కూడా మిగల్లేదు.

పైనుంచి చూసేవాళ్ల ముందు ఎలా నిలబడాలో మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గుడివాడలో పుట్టిన నాకు అది ఎవరూ నేర్పలేదు. మొలకలొచ్చిన పన, అంటే కోసిన వరికట్ట ఒకటి కుడిచేత్తో పైకెత్తాలి, మొలకలు పైకి కనపడేలా. ముందు ఆడవాళ్లు, వెనక మగవాళ్లు. చెయ్యి ఊపకూడదు. ఊపితే ఫొటోలో స్వాగతం చెబుతున్నట్టు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నవ్వకూడదు.

అక్కడే వచ్చింది నా చిక్కు!

"నవ్యా, ఆ మొహమేంటే?" అన్నారు అత్తయ్యగారు.

"ఏమైందత్తయ్యా?"

"పెళ్లిచూపులకొచ్చినట్టు ఆ నవ్వేంటి? పంట పోయినోళ్లలా నిలబడు."

"నిలబడే ఉన్నానత్తయ్యా. అదే వచ్చేస్తోంది."

"ఏడుపు రాకపోతే మీ ఆయన జీతం తల్చుకో."

తల్చుకున్నాను. కాస్త పనిచేసింది. అంతలో బందరు వైపు నుంచి మోత వినిపించింది. మబ్బు చీల్చుకుని తెల్లటి విమానం వచ్చింది! నేను విమానాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదండీ. చక్రాలు బయటికొచ్చాయి. కిటికీలు కనిపించాయి. ఇంకేం జీతం, ఇంకేం ఏడుపు! పన విసిరేసి రెండు చేతులూ ఊపేశాను. ఒక కిటికీలోంచి ఒకాయన నాకు తిరిగి చెయ్యి ఊపాడు కూడా. ఒట్టు!

ఈలోగా మా ఆయన పసుపు కోటుతో అటు నుంచి ఇటు పరుగెత్తుతూ ఈల మీద ఈల ఊదుతున్నాడు.

"అమ్మా, పక్కకు రా! దిగుతంది!"

"దిగనియ్యరా! దిగితే ఇంకా బాగా కనపడుద్ది!"

"అమ్మా, నీ మీద దిగుద్దే!"

పాపం, ఆయన ట్రైనింగులో కొంగకు ఏ టపాసు, గద్దకు ఏ టపాసు అని నేర్పారు గానీ, కన్నతల్లిని ఏ జాతి పక్షి కింద జమకట్టాలో నేర్పలేదు.

విమానం మా తలల మీద దాకా వచ్చి గభాల్న పైకి లేచింది. ఆ గాలికి వడ్లు అలల్లా లేచాయి. ఒక చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. మళ్లీ లేచింది. తర్వాత వచ్చిన దారినే వెళ్లిపోయింది. గేటు దగ్గర మధుసూదనరావు గారు ఇస్త్రీ చొక్కాతో సహా నేల మీద కూర్చుండిపోయారు.

ఊరంతా చప్పట్లు కొట్టింది!

"చూశారే నాగరత్నం! తిరిగొచ్చి మరీ చూశారు!" మావయ్యగారి కళ్లల్లో నీళ్లు. "కారు సారు అద్దం బెత్తెడే దించాడు. ఈళ్లు రెండుసార్లు చూశారు!"

"స్తోత్రం ప్రభువా!" అన్నారు ఆనందమ్మగారు. "పైనోళ్లకున్న జాలి కిందోళ్లకుండదు."

"అంతా బానే ఉంది," అన్నారు అత్తయ్యగారు, "ఈ పిల్లే చేతులూపింది. పరిహారం సగం తగ్గిద్ది చూడండి, దీనెల్ల!"

ఆ రోజు నుంచి మావయ్యగారు ఎదురుచూపు మొదలుపెట్టారు. ఉతికిన చొక్కా వేసుకుని, మెడ మీద తువ్వాలు సరిచేసుకుని, మా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. రోడ్డు మీద మోత వినబడితే లేచేవారు. నేను పగలంతా వడ్లలో నడుస్తూనే ఉన్నాను, తెల్లగీతకు ఇటుపక్కే. వాసన తగ్గుతుందనే అనుకున్నాం. తగ్గలేదు.

చివరికి వచ్చారు. రెండు కార్లలో వచ్చారు! ఈసారి రోడ్డు మీద ఆగలేదు. సరాసరి రన్‌వే మీదకే వచ్చి, తలుపులు తీసుకుని దిగారు. చెప్పానుగా, మంచి రన్‌వే! బూట్లకు బురద అంటదు.

అందులో పెద్ద ఇంజనీరుగారు ఒకరు ఉన్నారు. ఏం చెప్పమంటారు ఆయన శ్రద్ధ గురించి! వడ్ల పొడుగునా నడిచారు. బరకం ఎత్తి చూశారు. ప్యాంటు కాస్త పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, గుప్పెడు వడ్లు చేతిలోకి తీసుకున్నారు. వాసన చూశారు. ఒక గింజను గోటితో చీల్చారు. పక్కాయనతో ఫొటో తీయించారు. అడుగున వేసి ఉన్న పొర దాకా వేలు గుచ్చి తడి చూశారు. మా మావయ్యగారు తువ్వాలు చేతుల్లోకి తీసుకుని నిలబడ్డారు.

"ఏంటండీ ఇది?" అన్నారు ఇంజనీరుగారు. "అంతా మొలకలే! నల్లబడిపోయింది, కుళ్లిపోయింది. ఇందులో ఒక్క గింజన్నా పనికొచ్చేదుందా?"

మావయ్యగారి మొహం చూడాలి మీరు. నా పెళ్లిలో కూడా అంత వెలగలేదు.

"లేదయ్యా! ఒక్కటీ లేదు! నెల బట్టీ అదే మొత్తుకుంటన్నా. బాబ్బాబూ, మీరు పెద్దోరు. ఇప్పుడన్న ముక్కే ఒక్కసారి ఆ పంట నష్టం సారుకి ఫోన్ జేసి చెప్పండయ్యా."

ఇంజనీరుగారు లేచి చేతులు దులుపుకున్నారు.

"పంటా? పంటతో నాకేం పని పెద్దాయనా? నేనొచ్చింది రన్‌వేకి జరిగిన నష్టం రాసుకోవడానికి. ఈ కుళ్లు నీళ్లు దిగి తారు ఎక్కడెక్కడ దెబ్బతిందో చూడాలి. సాయంత్రానికల్లా ఇదంతా ఎత్తించేయండి."

మావయ్యగారు "అట్టాగేనయ్యా" అన్నారు. తువ్వాలు మెడ మీద వేసుకుని పార తెచ్చుకున్నారు. మేమందరం కలిసి ఎత్తాం. ఆ వడ్లు బాతులు మేపేవాళ్లు మేతకని పట్టుకుపోయారు. ఏమిచ్చారని అడగకండి, బాతులకు కూడా నచ్చలేదట.

రన్‌వే సంగతంటారా? దానికి న్యాయం జరిగింది. తారుకు నష్టం వాటిల్లిందని తేలింది, మరమ్మతులకు నెల తిరక్కుండా నిధులు వచ్చాయి. మనుషులు పక్షుల కిందకు రారు కనుక మా ఆయన ఉద్యోగం నిలిచింది. పనులయ్యేదాకా విమానాలు రావని మధుసూదనరావు గారు మాటిచ్చారు. ఏసీ నడుస్తూనే ఉంది. కాబట్టి విమానాశ్రయం వరమేనని నేను మొదట అన్న మాట మీద ఇప్పటికీ నిలబడి ఉన్నాను!

పెద్దలకు నాదొక్కటే మనవి. మా మావయ్యగారి మూడెకరాల పల్లపు చేను ఇంకా మిగిలే ఉంది. దయచేసి దాన్ని కూడా రన్‌వే అని ప్రకటించండి. తారు వద్దు, లైట్లు వద్దు, విమానం అసలే వద్దు! పేరు మాత్రం ఇవ్వండి చాలు. వచ్చే తుపాను వెళ్లిన మర్నాడు ఎవరో ఒకరు కారు దిగుతారు. గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక గింజ చీల్చి చూసి, "అవును, పోయింది" అంటారు.

ఈసారి ఆ మాట తారు గురించి కాదు, మా మావయ్యగారి పంట గురించే అంటారు.